ఇందులో నువ్వెక్కడ? అమెరికా కాలేజీల్లో మొదటి ఏడాది రైటింగ్ కోర్సు గురించి తల్లిదండ్రులకు నాలుగు మాటలు



పేరెంట్-టీచర్ మీటింగ్‌లో పై తరగతుల పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, మావాడికి ఇంగ్లిష్‌లో తొంభై పైనే వస్తున్నాయి. ఇంటర్ అయ్యాక అమెరికాలో డిగ్రీకి పంపితే ఇంగ్లిష్‌తో ఇబ్బందేం ఉండదు కదా?" ఇదివరకైతే "ఏం ఉండదండీ, ధైర్యంగా పంపండి" అనేదాన్ని. ఇప్పుడు అంత తేలిగ్గా అనడం లేదు.

దానికి కారణం ఒక ఫోన్ కాల్. నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అబ్బాయి అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో చేరాడు. చేరిన రెండో నెలలో ఫోన్ చేశాడు. "మేడమ్, మ్యాథ్స్ బాగుంది, కోడింగ్ బాగుంది. ఇంగ్లిష్ పేపర్‌కి మాత్రం సి గ్రేడ్ ఇచ్చారు. తప్పెక్కడుందో తెలియట్లేదు. గ్రామర్ మిస్టేక్ ఒక్కటి కూడా లేదు." పేపర్ ఫొటో పంపమన్నాను. మొదటి వాక్యం చదవగానే గుర్తుపట్టాను. "నేటి వేగవంతమైన ఆధునిక ప్రపంచంలో ఇంగ్లిష్ ఎంతో ముఖ్యమైన పాత్ర పోషిస్తోంది" అని మొదలయ్యే ఆ పేరాగ్రాఫ్ నేను బోర్డు మీద రాసి, క్లాసంతటితో నోట్స్‌లోకి ఎక్కించి, "చిన్న మార్పులతో ఏ టాపిక్‌కైనా పనికొస్తుంది, బట్టీ పట్టేయండి" అని చెప్పినదే. దాని పక్కన ప్రొఫెసర్ ఒకే ఒక్క ప్రశ్న రాశారు: "ఇందులో నువ్వెక్కడ?"

ఆ ప్రశ్నలో సగం నాకు తగలాల్సిందే. అందుకే ఈ నెల ఆ కోర్సు ఏమిటో, అందులో ఏం రాయిస్తారో, మన పిల్లలు ఎక్కడ తడబడతారో, ఇంట్లో మనం ఇప్పటినుంచే ఏం చేయవచ్చో మీకు చెప్పాలనుకుంటున్నాను.

ఏమిటీ కోర్సు?

అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో ఇంజినీరింగ్ చేరినా, బిజినెస్ చేరినా, బయాలజీ చేరినా మొదటి ఏడాదిలో ఒక రైటింగ్ కోర్సు తప్పనిసరి. కొన్నిచోట్ల ఒక సెమిస్టర్, కొన్నిచోట్ల రెండు. పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది: ఫస్ట్ ఇయర్ కాంపోజిషన్, కాలేజ్ రైటింగ్, రెటరిక్ అండ్ రైటింగ్, లేదా మామూలుగా ఇంగ్లిష్ 101. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ 101, 102 అనే రెండు కోర్సులున్నాయి. ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థుల కోసం వాటికి సమానంగా 107, 108 అని వేరే సెక్షన్లు ఉన్నాయి. ఇలాంటి సెక్షన్ ఉంటే మన పిల్లలు నామోషీ పడకుండా తీసుకోవచ్చు. క్రెడిట్లు అవే, పైగా టీచర్‌కి మన ఇబ్బంది ముందే తెలిసి ఉంటుంది.

ఇది ఇంగ్లిష్ రానివాళ్ల కోసం పుట్టిన కోర్సు కాదు. 1874లో హార్వర్డ్ కాలేజీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లిష్ వ్యాసం రాయించడం మొదలుపెట్టింది. మంచి మంచి స్కూళ్లనుంచి వచ్చిన అమెరికన్ అబ్బాయిలే అందులో దారుణంగా రాశారు. 1885 నాటికి హార్వర్డ్ మొదటి ఏడాది విద్యార్థులకు ఇంగ్లిష్ ఎ అనే రైటింగ్ కోర్సు పెట్టింది. మిగతా కాలేజీలు ఆ దారిలోనే నడిచాయి. అంటే, పుట్టినప్పటినుంచి ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకు కూడా రాయడం విడిగా నేర్పాలని వాళ్లకు అప్పుడే అర్థమైంది. మీ పాప అక్కడ ఈ క్లాసులో కూర్చున్నప్పుడు పక్కసీటులోని అమెరికన్ అమ్మాయి కూడా ఆ పాఠాలు కొత్తగానే నేర్చుకుంటూ ఉంటుంది.

మన దగ్గర పన్నెండో తరగతిలో మంచి మార్కులున్నంత మాత్రాన ఈ కోర్సు తప్పుతుందనుకోకండి. ఏపీ ఇంగ్లిష్ లాంగ్వేజ్ అండ్ కాంపోజిషన్ పరీక్ష రాసి మంచి స్కోరు తెచ్చుకున్నవాళ్లకు చాలా యూనివర్సిటీలు క్రెడిట్ ఇస్తాయి. ఈ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఎంత స్కోరుకి ఇస్తారన్నది ఏ యూనివర్సిటీ నియమం ఆ యూనివర్సిటీదే. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకు ఈ కోర్సు ఉండదు. కానీ కాపీ గురించి కింద చెప్పబోయే నియమాలు వాళ్లకూ వర్తిస్తాయి కాబట్టి ఆ భాగం వాళ్లూ చదవాలి.

మన పిల్లలకు ఎందుకు కష్టం?

సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఇంగ్లిష్ కోర్ పేపర్‌నే చూడండి. నోటీసుకి 50 పదాలు. లెటర్‌కి, ఆర్టికల్‌కి 120 నుంచి 150 పదాలు. అంటే పన్నెండేళ్ల చదువు ముగిసేసరికి పరీక్షలో పిల్లవాడు ఒక్క ఏకబిగిన రాసే అతి పెద్ద జవాబు 150 పదాలు. అక్కడ మొదటి పేపరే వెయ్యి పదాలు అడగవచ్చు. డబుల్ స్పేస్‌లో టైప్ చేస్తే సుమారు నాలుగు పేజీలు.

పొడవు ఒక్కటే అయితే వారం రోజుల్లో అలవాటవుతుంది. అసలు తేడా వేరే ఉంది. మన దగ్గర జవాబు ముందే ఉంటుంది, పిల్లలు దాన్ని సరిగ్గా రాయాలి. ఫార్మాట్‌కి మార్కులు, కీ పాయింట్లకు మార్కులు. అక్కడ జవాబు ముందుగా ఎవరి దగ్గరా ఉండదు. నువ్వేం అనుకుంటున్నావు, ఎందుకు అనుకుంటున్నావు, దానికి ఆధారమేంటి, కాదనేవాళ్లకు నీ సమాధానమేంటి అని అడుగుతారు. మార్కులు వాటికే.

ఏమేం రాయిస్తారు?

ప్రతి యూనివర్సిటీలోనూ ఒకేలా ఉండదు. కానీ ఈ నాలుగు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి.

మొదటిది, చదవడం రాయడం నేర్చుకున్న అనుభవం. దీన్ని లిటరసీ నేరేటివ్ అంటారు. పలక మీద అక్షరాలు దిద్దించిన నాయనమ్మ, ఊళ్లో తెలుగు మీడియంలోంచి సిటీలో ఇంగ్లిష్ మీడియంలోకి మారిన రోజు, అందరి ముందు తప్పు చదివి నవ్వులపాలైన సంగతి, ఇలాంటి ఒక నిజమైన సంఘటన తీసుకుని అది తనను ఎలా మార్చిందో రాయాలి. మన పిల్లలు ఇక్కడే ఎక్కువగా పొరబడతారు. సొంత కథ అడిగితే "భాష ప్రాముఖ్యత" అనే జనరల్ ఎస్సే రాస్తారు. నా స్టూడెంట్ చేసిందీ అదే.

రెండోది, రెటారికల్ ఎనాలిసిస్. ఒక ప్రసంగమో, వ్యాసమో, ప్రకటనో ఇచ్చి, అది చదివేవారిని ఎలా ఒప్పిస్తోందో విడమరచి చెప్పమంటారు. ఉదాహరణకు మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలునుంచి రాసిన లేఖను చాలా క్లాసుల్లో చదివిస్తారు. ఆయన ఉద్యమాన్ని తప్పుబట్టిన ఎనిమిది మంది శ్వేతజాతి మతపెద్దలకు అది సమాధానం. "లేఖలో కింగ్ ఏమన్నారు" అని రాస్తే అది సారాంశం అవుతుంది, మార్కులు రావు. తనను విమర్శించిన మతపెద్దలతో మాట్లాడుతూ ఆయన బైబిల్‌నుంచే ఉదాహరణలు ఎందుకు తీసుకున్నారు, కోపాన్ని ఎక్కడ అణిచిపెట్టారు, ఎక్కడ బయటపెట్టారు అని రాస్తే అది విశ్లేషణ.

మూడోది, యానోటేటెడ్ బిబ్లియోగ్రఫీ. పెద్ద పేపర్ రాయడానికి ముందు చదివిన ఐదారు వ్యాసాల జాబితా ఇది. ఒక్కొక్కదాని కింద అది ఏం చెబుతోంది, ఎంతవరకు నమ్మవచ్చు, నాకెలా పనికొస్తుంది అని నాలుగైదు వాక్యాలు రాయాలి. గూగుల్‌లో ముందు కనిపించిన లింకు చాలదు. యూనివర్సిటీ లైబ్రరీ డేటాబేస్‌లోంచి వెతికి తీయాలి.

నాలుగోది, రీసెర్చ్ ఆధారంగా సొంత వాదన. దీనికి ప్రాణం థీసిస్, అంటే ఎవరైనా కాదనగలిగే ఒక స్పష్టమైన మాట. "హోంవర్క్ వల్ల లాభాలు, నష్టాలు" అన్నది టాపిక్ మాత్రమే. "ఐదో తరగతి వరకు రాసే హోంవర్క్ తగ్గించి, ఆ సమయాన్ని కథల పుస్తకాలకు ఇవ్వాలి" అన్నది థీసిస్. ఈ వాక్యం చదవగానే మీలో కొందరు "అదెలా కుదురుతుంది మేడమ్?" అని ఉంటారు. మీరలా అన్నారంటే అది థీసిస్ అన్నట్టే. ఆ తరువాత పిల్లవాడు మీ అభ్యంతరాన్ని న్యాయంగా చెప్పి, దానికి ఆధారాలతో జవాబివ్వాలి. ఇది మనకు కొత్తేమీ కాదు. మన తర్కశాస్త్రంలో ముందు పూర్వపక్షం చెప్పి, దాన్ని ఖండించి, ఆ తరువాతే సిద్ధాంతం చెప్పేవారు. మనకు తెలిసిన ఆ పద్ధతి పరీక్షల హడావుడిలో పక్కకు పోయింది, అంతే.

ఒక పేపర్ ఎలా తయారవుతుంది?

మనకు రాయడం అంటే ఒకసారి రాసి ఇచ్చేయడం. అక్కడ ఒక్కో పేపర్ మూడు నాలుగు వారాలు నడుస్తుంది. ముందు ప్రాంప్ట్ ఇస్తారు. అంటే ఏం రాయాలి, ఎంత రాయాలి, వేటికి ఎన్ని మార్కులు అన్న కాగితం. దాన్ని మూడుసార్లు చదవాలి. అందులో క్రియాపదాల కింద గీత గీసుకోవాలి. సమ్మరైజ్ అన్నారా, ఎనలైజ్ అన్నారా, ఆర్గ్యూ అన్నారా అన్నదాన్ని బట్టి పేపర్ మొత్తం మారిపోతుంది.

తరువాత మొదటి డ్రాఫ్టు. దాన్ని క్లాసులో ఇద్దరు ముగ్గురు తోటి విద్యార్థులు చదివి అభిప్రాయం చెబుతారు. దీన్ని పీర్ రివ్యూ అంటారు. మొహమాటానికి "చాలా బాగుంది" అని వదిలేస్తే రివ్యూ చేసినవాళ్లకే మార్కులు తగ్గవచ్చు. చాలామంది టీచర్లు ఆ మధ్యలో ఒక్కొక్కరిని పిలిచి పది పదిహేను నిమిషాలు విడిగా మాట్లాడతారు. ఆ తరువాత తిరగరాయాలి. తిరగరాయడం అంటే స్పెల్లింగులు దిద్దడం కాదు. మూడో పేరాని మొదటికి తేవడం, సగం పేజీ కొట్టేయడం, అవసరమైతే థీసిస్సే మార్చడం. కొన్ని కోర్సుల్లో సెమిస్టర్ చివర అన్ని పేపర్లనూ కలిపి పోర్ట్‌ఫోలియోగా ఇవ్వాలి. ఏం మార్చానో, ఎందుకు మార్చానో వివరిస్తూ ఒక లేఖ కూడా జతచేయాలి.

అందుకే ఈ కోర్సులో సెక్షన్లు చిన్నవిగా ఉంటాయి. ఒక సెక్షన్‌లో 20 మందికి మించకూడదని అక్కడి కాలేజీ రైటింగ్ టీచర్ల వృత్తి సంఘం సిఫారసు చేస్తుంది. చివరి బెంచీలో దాక్కోవడం కుదరదు.

మార్జిన్‌లోని మాటలకు అర్థం

పేపర్ తిరిగి వచ్చినప్పుడు పక్కన రాసే చిన్న చిన్న మాటలు చూసి మన పిల్లలు భయపడతారు. "సో వాట్?" అంటే అవమానం కాదు, "నువ్వు చెప్పింది ఎందుకు ముఖ్యమో ఇంకో వాక్యం రాయి" అని అర్థం. "డెవలప్" అంటే ఉదాహరణ చాలలేదని. "వేగ్" అంటే ఎవరైనా, ఎప్పుడైనా, దేని గురించైనా అనగలిగే మాట అని. "సోర్స్?" అంటే ఈ సంగతి నీకెలా తెలుసో చెప్పమని. ఈ నాలుగూ అర్థమైతే సగం కోర్సు అర్థమైనట్టే.

మాట్లాడే ఇంగ్లిష్‌లోనూ చిన్న జాగ్రత్తలున్నాయి. మనం "ఐ హావ్ ఎ డౌట్" అంటాం. అక్కడ అది "నాకు మీ మీద నమ్మకం లేదు" అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనాలి. ఫలానా ఏడాది "పాస్డ్ ఔట్" అయ్యానంటే స్పృహ తప్పి పడిపోయాడేమో అనుకుంటారు. "గ్రాడ్యుయేటెడ్" అనాలి.

కాపీ అంటే ఏమిటి? ఈ భాగం తప్పక చదవండి

సి గ్రేడ్ వస్తే తరువాతి పేపర్‌లో సరిదిద్దుకోవచ్చు. కానీ ప్లేజియరిజం, అంటే ఇతరుల మాటనో ఆలోచననో తనదిగా చూపడం, అలా తేలే విషయం కాదు. మొదటిసారైతే ఆ పేపర్‌కి సున్నా రావచ్చు. కోర్సు ఫెయిల్ చేయవచ్చు. తీవ్రమైన సందర్భాల్లో సస్పెన్షన్ వరకు వెళుతుంది. ఎఫ్-1 వీసా మీద డిగ్రీ చదివేవాళ్లు మామూలుగా సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు చదువుతూ ఉండాలి. సస్పెండ్ అయితే వీసా స్టేటస్‌కే ముప్పు. మనం అప్పు చేసి పంపిన చదువు నాలుగు పేజీల పేపర్ దగ్గర ఆగిపోకూడదు.

మన పిల్లలు దొంగబుద్ధితో కాపీ చేస్తారని నేననను. చాలామందికి అది కాపీ అని తెలియదు. ఒక ఉదాహరణ చూడండి. ఒక వ్యాసంలో ఈ వాక్యం ఉందనుకోండి: "చెరువులు పూడుకుపోవడం వల్ల చిన్న వానకే నగర వీధులు మునిగిపోతున్నాయి." పిల్లవాడు దాన్ని ఇలా మారుస్తాడు: "చెరువులు నిండిపోవడం వల్ల కొద్దిపాటి వర్షానికే సిటీ రోడ్లు మునుగుతున్నాయి." మాటలు మార్చాను కదా, సొంతంగా రాసినట్టే అనుకుంటాడు. అక్కడి లెక్కలో ఇది కాపీయే. వాక్యం నిర్మాణమూ ఆలోచనా రెండూ వేరొకరివి, పేరు మాత్రం లేదు. సరైన పద్ధతి ఏమిటంటే, వ్యాసం మూసేసి, అర్థమైనదాన్ని తన మాటల్లో చెప్పి, ఆ రచయిత పేరు పెట్టడం: "వరదకు డ్రైనేజీని మాత్రమే తప్పుపట్టలేమని, చెరువులు పోవడమే కారణమని ఫలానా రచయిత అంటారు." ఉన్నదున్నట్టు రాస్తే కొటేషన్ గుర్తులు తప్పనిసరి.

ఈ పేర్లు పెట్టడానికి పద్ధతులున్నాయి. సాహిత్యం, భాషల వైపు ఎంఎల్ఏ పద్ధతి, సైకాలజీ, ఎడ్యుకేషన్ లాంటి వాటికి ఏపీఏ పద్ధతి ఎక్కువగా వాడతారు. ఎంఎల్ఏలో వాక్యం చివర రచయిత ఇంటిపేరు, పేజీ నంబరు ఇస్తారు. ఏపీఏలో ఇంటిపేరు, ప్రచురించిన సంవత్సరం ఇస్తారు. ఇవి బట్టీ పట్టక్కర్లేదు, చూసి రాసుకోవచ్చు. పర్డ్యూ యూనివర్సిటీ ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్ 1994 నుంచి ఇలాంటి వివరాలన్నీ అందరికీ ఉచితంగా ఇస్తోంది. పదో తరగతి పిల్లలు కూడా ఇప్పుడే చూడవచ్చు.

ఇంకో మూడు జాగ్రత్తలు. ఒక కోర్సుకి రాసిన పేపర్‌నే అనుమతి లేకుండా ఇంకో కోర్సుకి ఇవ్వడం కూడా తప్పే. సీనియర్ అన్నయ్య పాత పేపర్ "రిఫరెన్స్‌కి" తీసుకోవడం ప్రమాదం. ఇక చాట్‌జీపీటీ లాంటి ఏఐ టూల్స్ విషయంలో ఒక్కో ప్రొఫెసర్‌ది ఒక్కో నియమం. ఒకరు అసలు వద్దంటారు, ఇంకొకరు ఎక్కడ వాడారో రాసి వాడుకోమంటారు. సిలబస్‌లో చూడాలి, లేకపోతే అడగాలి. అడిగితే పోయేదేమీ లేదు.

సహాయం అడగడం చిన్నతనం కాదు

దాదాపు ప్రతి యూనివర్సిటీలో రైటింగ్ సెంటర్ ఉంటుంది. దాని ఖర్చు ఫీజులోనే కలిసి ఉంటుంది కాబట్టి వెళ్లినప్పుడు విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. అపాయింట్‌మెంట్ తీసుకుని డ్రాఫ్టు పట్టుకెళితే ట్యూటర్ పక్కన కూర్చుని చదువుతారు. వాళ్లు తప్పులు దిద్ది ఇవ్వరు. "ఇక్కడ నీ ఉద్దేశం ఏమిటి?" అని అడిగి మనచేతే దిద్దిస్తారు. ప్రొఫెసర్లకు ఆఫీస్ అవర్స్ అని వారంలో నిర్ణీత సమయాలుంటాయి. మన పిల్లలు తప్పు చేసినప్పుడే టీచర్ గదికి వెళ్లాలనుకుంటారు. అక్కడ బాగా చదివేవాళ్లే ముందు వెళతారు.

ఇంట్లో మనం చేయగలిగినవి

హాలిడే హోంవర్క్ ప్రాజెక్టు రాత్రి పదకొండింటికి అమ్మ రాయడం, లేదా నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించడం ఆపేద్దాం. వంకరగా ఉన్నా పిల్లలు రాసినదే పంపండి. నేను తిట్టను.

పిల్లలు ఏదైనా సంగతి చెబితే "ఎక్కడ చదివావు?" అని అడగండి. ఏదైనా అభిప్రాయం చెబితే "ఎందుకు?" అని, ఆ తరువాత "కాదనేవాళ్లు ఏమంటారు?" అని అడగండి. ఇది తెలుగులోనే అడగండి. వాదించడం తెలుగులో వచ్చినవాళ్లకు ఇంగ్లిష్‌లో రావడం కష్టం కాదు. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఈ పని మీరు నాకంటే బాగా చేయగలరు.

వారానికి ఒక పేజీ రాయించండి. రెండు రోజులు పక్కన పెట్టి, మళ్లీ చదివి, మళ్లీ రాయమనండి. రెండూ ఒకే ఫైల్‌లో దాచండి. నెల తిరిగేసరికి తేడా మీకే కనిపిస్తుంది.

చివరిగా ఒక మాట. ఈ ఏడాది నా క్లాసులో రెడీమేడ్ ఇంట్రడక్షన్లు బోర్డు మీద రాయడం మానేశాను. టర్మ్‌కి ఒక వ్యాసం రెండుసార్లు రాయిస్తున్నాను. "మేడమ్, మీరు నోట్స్ ఇవ్వడం లేదట" అని మీలో కొందరు అడిగారు. బోర్డు పరీక్షకు కావలసిన ఫార్మాట్లు, ప్రాక్టీసు తప్పకుండా ఇస్తున్నాను. పిల్లల ఆలోచనను మాత్రం నేను రాసివ్వలేను.

ఆ అబ్బాయికి తిరగరాసే అవకాశం ఇచ్చారు. ఈసారి పేపర్ నాకు ముందు చూపించనన్నాడు, నేనూ అడగలేదు. బి ప్లస్ వచ్చాక పంపాడు. మొదటి వాక్యం ఇలా ఉంది: "తెలుగు మా తాతయ్య ఒళ్లో కూర్చుని నేర్చుకున్నాను, ఇంగ్లిష్ మాత్రం బోర్డు మీదనుంచి కాపీ చేసుకున్నాను."

చదవగానే కాస్త గుచ్చుకుంది. కానీ అందులో వాడున్నాడు.

మీ అభిప్రాయాలు పిల్లల డైరీలో రాసి పంపండి. వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మాట్లాడుకుందాం.